లెక్క తెలిస్తేనే వాటా తెలుస్తుంది

"ఈ ఎక్స్‌లూ వైలూ కూడు పెడతాయా?" ఒంగోలు చుట్టుపక్కల పత్తి, మిరప పండించే మన ఇళ్లలో పెద్దలు అప్పుడప్పుడు అనే మాట ఇది. ఆడపిల్ల పదో తరగతి దాటి లెక్కల గ్రూపు తీసుకుంటానంటే మరీ గట్టిగా వినిపిస్తుంది. గణితం నిజంగా మన ఇంటికి అక్కరకు రానిదేనా? ఆలోచిద్దాం.

ఒక ఇంటి సంగతి ఊహించుకుందాం. ఇంటి యజమాని కన్నుమూశాడు. ఆయన తల్లిదండ్రులు ముందే గతించారు. అప్పులు తీర్చగా ఆరెకరాల చేను మిగిలింది. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. దివ్య ఖుర్‌ఆన్‌లోని 'అన్నిసా' సూరా ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు. మిగిలిన దానిలో కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. చేనును 24 భాగాలు చేస్తే చిక్కు విడిపోతుంది. తల్లికి 3, కొడుకుకు 14, కూతురికి 7 భాగాలు. అంటే తల్లికి 75 సెంట్లు, కొడుకుకు మూడున్నర ఎకరాలు, కూతురికి ఎకరా 75 సెంట్లు. ఈ లెక్క రాని చెల్లెలు, అన్న ఎంత ఇస్తే అదే తన వాటా అనుకుని సంతకం పెట్టేస్తుంది.

ఇలాంటి పంపకాలకూ, వ్యాపారానికీ, భూమి కొలతకూ పనికివచ్చేలా 9వ శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ ఒక గ్రంథం రాశారు. దాని పేరులోని 'అల్ జబ్ర్' అనే మాటే ఆల్జీబ్రా అయింది. ఆయన పేరు నుంచే కంప్యూటర్లను నడిపే 'అల్గారిథమ్' అన్న మాట పుట్టింది. మన తెలుగులో 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని పద్యాల్లో అందించాడు.

గణితం అక్కడితో ఆగలేదు. తెగులు సోకి పంట దెబ్బతింటే దిగుబడి ఎంత పడిపోయిందో ఎలా తేలుస్తారు? ప్రతి చేనూ కోసి తూచడం అయ్యే పని కాదు. అందుకే లాటరీ తీసినట్టు కొన్ని పొలాలను ఎంచుకుని, ఒక్కోదానిలో కొలిచిన చిన్న మడిని మాత్రమే కోసి తూస్తారు. దీన్నే పంట కోత ప్రయోగం అంటారు. దిగుబడిని బట్టి ఇచ్చే బీమా పరిహారం ఈ సగటు మీదే ఆధారపడుతుంది. పొలాలను ఇష్టం వచ్చినట్టు ఎంచుకుంటే లెక్క తప్పుతుంది, రైతు నోట మట్టి పడుతుంది. పొరపాటును సగానికి తగ్గించాలంటే నాలుగింతల మడులు కోయాలని గణితం చెబుతుంది.

ఉన్న సమాచారంతో అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో, దానికి హద్దు ఎక్కడో 1945లో తేల్చిన వారిలో ఒకరు మన తెలుగువారే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన సి.ఆర్. రావు గారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, అదే సంవత్సరం కన్నుమూశారు.

ఈ శుక్రవారం జుమా నమాజు ముగించుకుని వచ్చాక, ఆరెకరాల లెక్కను ఇంట్లో పిల్లల ముందు పెట్టి చూద్దాం. కొడుకుతో పాటు కూతురినీ కూర్చోబెడదాం. ముందుగా ఆమే లెక్క తేలిస్తే, లెక్కల గ్రూపు వద్దని ఏ నోటితో అనగలం?