ద్రాక్షారామం: ఆ దీపంలో నెయ్యి ఎవరిది?

ద్రాక్షారామం అనగానే భీమేశ్వరుడి గుడి అంటారు. పంచారామాల్లో ఒకటి అంటారు. తూర్పు చాళుక్యుల రాజు చాళుక్య భీముడు (892–922) కట్టించాడంటారు. ఆ క్షేత్రం మీద శ్రీనాథుడు భీమేశ్వర పురాణం రాశాడంటారు. బళ్లో పిల్లలకు చెప్పే ఊరి చరిత్ర ఇక్కడితో సరి. అందులో రాజున్నాడు, దేవుడున్నాడు, కవి ఉన్నాడు. పనిచేసిన మనిషే లేడు.

ఆ మనిషి జాడ గుడి రాళ్ల మీదే ఉంది. అక్కడ వందల శాసనాలున్నాయి. కులోత్తుంగ చోళుడి కాలం నాటివీ, వెలనాటి చోడులవీ వాటిలో ఉన్నాయి. చాలా శాసనాల్లో విషయం ఒకటే: అఖండ దీపానికి దానం. ఈ దానం నడిచే తీరు తెలుసుకోవాలి. దాత గుడికి పశువుల్ని ఇస్తాడు, తరచుగా యాభై. గుడి వాటిని ఒక కాపరికి అప్పగిస్తుంది. ఆ కాపరి రోజూ మానెడు నెయ్యి కొలిచి పొయ్యాలి. వాడి తర్వాత కొడుకులు, మనవలు పొయ్యాలి. సూర్యచంద్రులున్నంత కాలం!

మరి పశువులు చస్తే? తమిళనాట ఇలాంటి శాసనాలు వాటిని 'చావని, ముసలివి కాని గొర్రెలు' అన్నాయి. అంటే మంద లెక్క తగ్గకూడదు. కరువొచ్చినా, రోగమొచ్చినా నష్టం కాపరిదే. పుణ్యం మాత్రం దాతది. ఒక్కరోజు దానం రాతికెక్కింది. తరతరాల చాకిరీ ఆ దానానికి షరతుగా మిగిలింది.

ఈ కాపరుల పేర్ల చివర 'బోయ' అని ఉంటుంది. దాన్ని నేటి బోయ కులానికి సూటిగా ముడిపెట్టడం తొందరపాటు అని మా అభిప్రాయం. పేరు దక్కినవాళ్ల సంగతే ఇది. భూదాన శాసనాల్లో పొలిమేరలు చెప్పేటప్పుడు చెరువును, చెట్టును, పుట్టను కూడా రాశారు. ఆ పొలం దున్నిన మాల, మాదిగల సంగతేమిటి? శాసనం ఇచ్చినవాడి కోసం, పుచ్చుకున్నవాడి కోసం చెక్కింది. నాట్లేసినవాళ్ల కోసం కాదు.

ఇంకో సంగతి. ఈ శాసనాలు 1923లోనే దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటిలో అచ్చయ్యాయి. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. అంటే గోడమీది రాత పుస్తకంగా మారిన 24 ఏళ్లకు గానీ ఆ గోడ దగ్గరికి నడిచే హక్కు దళితులకు చట్టంలోకి ఎక్కలేదు. మన చరిత్రను మనం ఎందుకు రాసుకోలేదని అడిగేవాళ్లకు ఇదొక జవాబు.

ఇదంతా పాత గొడవ అనుకోవద్దు. 2022లో ద్రాక్షారామం కొత్త కోనసీమ జిల్లాలోకి వచ్చింది. ఆ జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతామనగానే మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. పేరు చివరికి ఖాయమయింది. కానీ ఊరి మీద, నేల మీద ఎవరి పేరుండాలనే తగువు తీరలేదని ఆ మంటలు చెప్పాయి.

అందుకే ఉపాధ్యాయులకు, విద్యార్థులకు మా మాట ఇది. మీ ఊళ్లో ఏ శాసనం దగ్గర నిలబడినా మూడు ప్రశ్నలడగండి. ఇచ్చిందెవరు? పుచ్చుకున్నదెవరు? ఆ దానం సాగడానికి చాకిరీ చేసిందెవరు? మూడోదానికి రాయి జవాబు చెప్పకపోతే పేటలోకి వెళ్లండి. చెరువుల పేర్లు, దిబ్బల పేర్లు, ముసలివాళ్లు చెప్పే పాలేరుతనం కతలు రాసుకోండి. ఊరి చరిత్రలో సగం అక్కడుంది.