నలుపు తెలుపుల నడుమ

విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామంది తమ సామానుతోపాటు కొన్ని పాత నలుపు తెలుపు ఛాయాచిత్రాలను కూడా తెచ్చుకున్నారు. స్టూడియోలో తెర ముందు నిలబడి తీయించుకున్న పెళ్ళి ఫొటోలు, తాతగారూ మామ్మగారూ కుర్చీలలో కూర్చోగా మనుమలు చుట్టూ నిలిచిన గ్రూపు ఫొటోలు వాటిలో ఎక్కువ. కాలక్రమాన ఇవి వెలసిపోతున్నాయి. వీటిని స్కాన్ చేసి కంప్యూటర్‌లో భద్రపరచడం నేడు సులభమే. అయితే ఒక్క మీట నొక్కి బాగుచేయించిన చిత్రంలో నలుపు కాటుకలాగా, తెలుపు సున్నంలాగా కొట్టవచ్చినట్లు కనబడుతుంది గాని, మామ్మగారి నేతచీర మడతలూ, ఆమె చెంపల మీది ముడుతలూ మాయమవుతాయి. నలుపుకూ తెలుపుకూ నడుమనున్న బూడిద ఛాయలలోనే ఈ చిత్రాల ప్రాణమున్నది. వాటిని కాపాడుకోవడమెలాగో తెలియాలంటే కాంతిని గురించీ, కంటిని గురించీ కొంత తెలుసుకోవాలి.

కాగితానికి గల హద్దు

ఎండలో ఉన్న దృశ్యంలో మిక్కిలి ప్రకాశవంతమైన భాగానికీ, మిక్కిలి చీకటి భాగానికీ మధ్య కాంతి భేదం వెయ్యి రెట్లు దాటవచ్చు. నిగనిగలాడే ఫొటో కాగితం చూపగల భేదం సుమారు 100 రెట్లు మాత్రమే. అంత దృశ్యాన్నీ ఇంత కాగితంలో ఇమడ్చాలి. చాలని దుప్పటిని తలమీదికి లాగితే కాళ్ళు బయటపడినట్లు, ఒకచోట ఛాయల భేదాన్ని పెంచితే మరొకచోట అది తగ్గక తప్పదు. కాబట్టి చిత్రంలో ముఖ్యమైనది ఏదో ముందుగా నిర్ణయించుకోవాలి. కుటుంబ చిత్రాలలో అది సాధారణంగా ముఖమే.

మన కన్ను కాంతి పరిమాణాన్ని కాక, దాని నిష్పత్తిని గుర్తిస్తుంది. ఒకే దీపమున్న గదిలో రెండవది వెలిగిస్తే వెంటనే తెలుస్తుంది. నూరు దీపాల నడుమ మరొకటి చేర్చితే తెలియదు. అందువల్లనే తనపై పడిన కాంతిలో 18 శాతాన్ని మాత్రమే తిప్పి పంపే బూడిద రంగు మనకు నలుపు తెలుపుల సరిగ్గా మధ్యనున్నట్లు తోస్తుంది.

అమెరికన్ ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ (1902–1984), ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి 1940 ప్రాంతంలో ‘జోన్ సిస్టమ్’ అనే పద్ధతిని రూపొందించాడు. పూర్తి నలుపు సున్న, కాగితపు తెలుపు 10, నడిమి బూడిద 5 – ఇలా ఛాయలను 11 మెట్లుగా విభజించాడు. యౌవనంలో పియానో సాధన చేసిన ఆడమ్స్, నెగటివ్‌ను స్వరలిపితోనూ, ముద్రించిన చిత్రాన్ని కచేరీతోనూ పోల్చాడు. న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామంపై చంద్రోదయాన్ని 1941లో చిత్రించి, ఆ ఒక్క నెగటివ్ నుండి దశాబ్దాల తరబడి ప్రతులు తీశాడు. తొలి ప్రతులకంటె తరువాతి ప్రతులలో ఆకాశం చాలా నల్లగా ఉంటుంది. స్వరలిపి ఒకటే, కచేరీ మాత్రం మారుతూ వచ్చింది.

ఎర్రబొట్టు నల్లబడిన కారణం

తొలినాటి ఫొటో ప్లేట్లు నీలం, ఊదా కాంతులను మాత్రమే గ్రహించేవి. కొన్ని అద్దకపు రంగులు కలిపితే ఇతర వర్ణాలను కూడా గ్రహింపజేయవచ్చునని జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫోగెల్ 1873లో కనుగొన్నాడు. ఆ విధంగా వచ్చిన ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లు ఆకుపచ్చను గ్రహించాయి గాని ఎరుపును గ్రహించలేదు. అటువంటి ప్లేట్లపై తీసిన చిత్రాలలో కుంకుమబొట్టు నల్లగా కనిపించడానికి కారణమిదే. దానిని లోపమని భావించి చెరిపివేయరాదు.

నేటి రంగుల చిత్రాన్ని నలుపు తెలుపులలోకి మార్చేటప్పుడు ఇదే సమస్య మరో రూపంలో ఎదురవుతుంది. ప్రచారంలో ఉన్న ఒక సూత్రం ఆకుపచ్చకు 59, ఎరుపుకు 30, నీలానికి 11 శాతం చొప్పున విలువ కడుతుంది. ఈ లెక్కలో పచ్చచీరా, దాని ఎర్రంచూ ఒకే బూడిద ఛాయగా మారి కలిసిపోవచ్చు. ఎరుపు పాలును కొంత పెంచితే అంచు విడివడుతుంది, చర్మానికి తేట వస్తుంది. మితిమీరితే ముఖం చదునైపోతుంది.

కంప్యూటర్ వద్ద

పాత చిత్రాన్ని రంగులలో, 16 బిట్ల స్థాయిలో స్కాన్ చేయడం మేలు. 8 బిట్లలో ఒక్కొక్క వర్ణానికి 256 మెట్లే ఉంటాయి. 16 బిట్లలో 65,536. వెలసిన చిత్రంలోని కొద్దిపాటి ఛాయలను సాగదీసినప్పుడు మెట్లు తక్కువైతే నునుపైన గోడ కూడా చారలు చారలుగా విడిపోతుంది. పసుపుపచ్చని మరక నీలికాంతిని పీల్చుకుంటుంది గనుక, స్కాన్‌లోని ఎరుపు భాగాన్ని మాత్రమే తీసుకుంటే మరక చాలవరకు కనిపించదు. అయితే గోధుమరంగు అంతా మరక కాదు. వెండిని సిల్వర్ సల్ఫైడ్‌గా మార్చి, చిత్రం ఎక్కువకాలం నిలవడానికి స్టూడియోవారు కావాలని వేసిన సెపియా ఛాయ కావచ్చు.

ఆపైన ‘కర్వ్స్’ సాధనంతో నడిమి ఛాయలను సవరించాలి. ఆ గీత ఎక్కడ నిటారుగా ఉంటే అక్కడ భేదం పెరుగుతుంది. ఎక్కడ వాలిపోతే అక్కడ తగ్గుతుంది. తెల్లని పంచెలో నేతా, నల్లని కోటులో మడతా కనిపిస్తున్నంతవరకే గీతను వంచాలి. చివరగా, ముఖాన్ని కొద్దిగా తేలికపరచడానికి ‘డాడ్జ్’, అంచులను ముదురు చేయడానికి ‘బర్న్’ ఉపయోగపడతాయి. చీకటిగదిలో ఎన్‌లార్జర్ వెలుగుకు చేయి అడ్డుపెట్టడం, లేదా ఒకచోట ఎక్కువసేపు వెలుగు పడనివ్వడం అనే పాత పద్ధతుల పేర్లే ఇవి. సుమారు 5 శాతం బలంతో పలుమార్లు చేస్తే చేసిన జాడ తెలియదు.

అన్నిటికంటె ముఖ్యమైన నియమమొకటి ఉన్నది. మొదటి స్కాన్‌ను విడిగా భద్రపరచి, దాని నకలుమీదనే మార్పులు చేయాలి. చిత్రంలో ఉన్నవారి పేర్లను, వారిని గుర్తుపట్టగల పెద్దలు ఉన్నప్పుడే అడిగి దానితోపాటు వ్రాసి ఉంచాలి. మన పనితో తృప్తి చెందని పిల్లలు రేపు మరింత మంచి సాధనాలతో మళ్ళీ ప్రయత్నించవచ్చు. ఒకసారి చెరిగిపోయిన ఛాయను మాత్రం ఏ సాధనమూ ఉన్నదున్నట్లు తిరిగి తేలేదు.