పాత డెస్క్‌టాప్‌కి ర్యామ్ ఒక్కటి పెంచితే చాలా? ముందు 32-బిట్ సంగతి తేల్చుకోండి

"4 జీబీ ర్యామ్ ఉంది, ఇంకో 4 జీబీ వేయిస్తే స్పీడ్ వస్తుందా?" పాత డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. దానికి నేను తిరిగి అడిగేది కూడా ఎప్పుడూ ఒకటే: అందులో ఉన్న విండోస్ 32-బిటా, 64-బిటా? చాలామందికి తెలియదు. తెలియకుండా ర్యామ్ కొంటే మాత్రం డబ్బులు దండగ.

ఉదాహరణకి మా చిన్నాన్న కంప్యూటర్‌నే తీసుకుందాం. ఆయనకి నరసరావుపేటలో జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. 2014లో అసెంబుల్ చేయించిన మెషీన్ అది. కోర్ ఐ3-4150 ప్రాసెసర్, హెచ్81 బోర్డు, 4 జీబీ డీడీఆర్3 స్టిక్ ఒక్కటి, 500 జీబీ హార్డ్ డిస్క్. పైన విండోస్ 10, అదీ 32-బిట్. పొద్దున్నుంచీ పెళ్లి కార్డులు, కరపత్రాలు. మధ్యలో ఒకరొచ్చి ఆధార్ డౌన్‌లోడ్ చేసిపెట్టమంటారు, ఇంకొకరు కరెంటు బిల్లు కట్టమంటారు. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిచేసరికి పేజ్‌మేకర్ బిగుసుకుపోతుంది. కస్టమర్ ఏమో "ఇంకా ఎంతసేపండీ?" అంటూ నిలబడే ఉంటాడు. "కొత్తది ఇప్పట్లో కొనలేను రా, దీన్నే ఏదోటి చెయ్యి" అన్నాడు చిన్నాన్న.

అసలు ఎందుకు బిగుసుకుపోతోంది?

టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడండి. మా మెషీన్‌లో మెమరీ 90 శాతం దాటి ఉంది, పక్కనే డిస్క్ 100 శాతం. ఈ రెండూ వేర్వేరు జబ్బులు కావు. ర్యామ్ నిండిపోగానే విండోస్ కొంత డేటాని తీసి హార్డ్ డిస్క్‌లోని పేజ్ ఫైల్‌లో దాస్తుంది, అవసరమైనప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. ర్యామ్ నుంచి ఒక ముక్క డేటా అందడానికి పట్టేది సుమారు 100 నానోసెకన్లు. తిరిగే హార్డ్ డిస్క్‌లో అదే ముక్క వెతికి పట్టుకోవడానికి 10 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అంటే దాదాపు లక్ష రెట్లు తేడా! ప్రాసెసర్ పాపం ఖాళీగా కూర్చుని ఎదురుచూస్తుంటుంది. ఐ3-4150 ఇప్పటి లెక్కలో చిన్నదే అయినా, ఇలాంటి షాపు పనికి అది అడ్డేం కాదు.

మరి 8 జీబీ చేసేద్దామా? ఇక్కడే 32-బిట్ అడ్డొస్తుంది. 32 బిట్లతో రాయగలిగిన అడ్రస్‌లు 2 పవర్ 32, అంటే సరిగ్గా 4 జీబీ. అందులోనూ కొంత భాగం గ్రాఫిక్స్‌కీ మిగతా హార్డ్‌వేర్‌కీ పోతుంది. అందుకే 8 జీబీ పెట్టినా సిస్టమ్ ప్రాపర్టీస్‌లో వాడుకోదగ్గది మూడున్నర జీబీకి అటూ ఇటూగానే కనిపిస్తుంది. (ఈ గీత దాటే టెక్నిక్ ప్రాసెసర్లలో ఎప్పట్నుంచో ఉంది. కానీ ఇళ్లలో వాడే 32-బిట్ విండోస్‌కి మైక్రోసాఫ్ట్ 4 జీబీ దగ్గరే గేటు వేసేసింది.) కాబట్టి ర్యామ్ పెంచాలంటే ఓఎస్ కూడా మార్చాల్సిందే.

ఓఎస్ దగ్గర అసలు చిక్కు

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న అయిపోయింది. విండోస్ 11కి టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ కావాలి, ఇంటెల్‌లో అయితే దాదాపుగా 8వ తరం నుంచే ప్రాసెసర్లు లిస్టులో ఉన్నాయి. మనది 4వ తరం. ఈ చెకింగ్‌ని దాటించి ఇన్‌స్టాల్ చేసే కిటుకులు యూట్యూబ్ నిండా ఉన్నాయి, పని చేస్తాయి కూడా. కానీ అలాంటి మెషీన్లకి అప్‌డేట్స్ వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. మీ సొంత ప్రయోగాల పీసీ అయితే మీ ఇష్టం. ఊళ్లోవాళ్ల ఆధార్ పీడీఎఫ్‌లు, బ్యాంకు లాగిన్‌లు నడిచే మెషీన్ మీద నేనైతే చేయను. ఇంట్లో వాడే విండోస్ 10 పీసీలకి 2026 అక్టోబర్ 13 దాకా ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్స్ ఉన్నాయి, కానీ అది వ్యక్తిగత వాడకానికే. వ్యాపారాలకి లైసెన్స్ వేరు, రేటూ వేరు.

పూర్తిగా లైనక్స్‌కి మారిపోదామంటే చిన్నాన్న బతుకుతెరువంతా అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీదే ఉంది. ఆ ఫైళ్లు యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేనిచోట తెరిస్తే తెలుగు బదులు అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. పదేళ్ల పెళ్లి కార్డుల డిజైన్లు అందులోనే ఉన్నాయి. వాటిని పోగొడితే స్పీడ్ ఎంతొచ్చి ఏం లాభం?

అందుకే ఒకే మెషీన్‌లో రెండు గదులు కట్టాం. కొత్తగా 240 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి పెట్టి దాంట్లో లైనక్స్ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేశాను. ఇంటర్నెట్ పనులన్నీ అక్కడే. మింట్ 64-బిట్ కాబట్టి 8 జీబీ మొత్తం దానికి అందుతుంది, అప్‌డేట్స్ 2029 దాకా వస్తాయి. పాత హార్డ్ డిస్క్‌లోని 32-బిట్ విండోస్‌ని ముట్టుకోలేదు, నెట్ కనెక్షన్ మాత్రం డిసేబుల్ చేశాను. అక్కడ ఉండేది పేజ్‌మేకర్, ప్రింటర్, అంతే. బ్రౌజర్ బరువు తీసేస్తే వాటికి ఆ మూడున్నర జీబీ ఎక్కువే.

ర్యామ్ కొనేటప్పుడు

ముందు ఇప్పుడున్న స్టిక్ మీది స్టిక్కర్ ఫోటో తీసుకోండి. పీసీ3-12800 అని ఉంటే అది 1600 స్పీడ్ డీడీఆర్3. హెచ్81 బోర్డుకి రెండే స్లాట్లు, గరిష్ఠంగా 16 జీబీ. డీడీఆర్4 స్టిక్‌కి గాడి వేరే చోట ఉంటుంది, బలవంతం చేసినా ఎక్కదు. అదే సైజు, అదే స్పీడ్ స్టిక్ దొరికితే డ్యూయల్ ఛానల్ కూడా వస్తుంది. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉన్న ఇలాంటి మెషీన్లకి అది బాగా ఉపయోగం.

డీడీఆర్3 ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండే. సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో వెతికినా ఒక్క విషయం గుర్తుంచుకోండి: మరీ చవగ్గా కనిపించే కొన్ని స్టిక్స్ ఏఎమ్‌డీ బోర్డుల్లో మాత్రమే పనిచేస్తాయి. ఆ ముక్క ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంటెల్ బోర్డులో పెడితే డిస్‌ప్లే రాదు. వాపసు తీసుకుంటానని షాపతను బిల్లు మీద రాసిస్తేనే కొనండి.

బిగించే ముందు కరెంటు ప్లగ్ తీసేసి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. పాత స్టిక్ బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపేయండి. రెండు చివర్లా క్లిప్‌లు టక్కుమనేదాకా నొక్కాలి. ఆన్ చేశాక విండోస్‌లోకి పరిగెత్తకుండా పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86+ ఒక రౌండ్ పూర్తిగా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్ వాపసే. చెడ్డ ర్యామ్ వెంటనే ఆగిపోదు, మీ ఫైళ్లని చప్పుడు లేకుండా పాడు చేస్తుంది.

మింట్ వేసేటప్పుడు

పాత హార్డ్ డిస్క్‌లోని డిజైన్లన్నీ ముందే బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. తర్వాత ఆ హార్డ్ డిస్క్ సాటా కేబుల్ పీకేసి, ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంచి ఇన్‌స్టాల్ చేయండి. అప్పుడు పొరపాటున తప్పు డిస్క్ ఫార్మాట్ అయ్యే ఛాన్సే ఉండదు. పని అయ్యాక కేబుల్ తిరిగి పెట్టి, బయాస్‌లో ఎస్ఎస్‌డీని మొదట పెట్టండి. విండోస్ కావాలంటే ఆన్ అవుతుండగా బూట్ మెనూ కీ నొక్కితే సరి. చిన్నాన్న ఆ కీ మీద ఎర్ర స్కెచ్ పెన్‌తో చుక్క పెట్టుకున్నాడు.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయడం మర్చిపోవద్దు. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, ఆ డిస్క్‌లో మింట్ ఫైళ్లు చదవగలదు గానీ రాయలేదు. ఇక ఇంత పాత బోర్డుల్లో సీఆర్2032 బ్యాటరీ కూడా అయిపోయే ఉంటుంది. అది అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి వెళ్లిపోతుంది, బ్యాంకు సైట్లు సర్టిఫికెట్ ఎర్రర్ చూపిస్తాయి, మనమేమో నెట్‌నో బ్రౌజర్‌నో తిట్టుకుంటాం. క్యాబినెట్ ఎలాగూ విప్పారు కాబట్టి దాన్ని కూడా అప్పుడే మార్చేయండి.