కరవు సీమలో పురుటి గడియ

పడమటి కనుమల చాటున నున్న అనంతపురపు పీఠభూమికి నైరృతి మేఘము నీటిని చాలవరకు జారవిడిచిన పిదపనే చేరును; ఈశాన్య ఋతుపవనము దూరమునుండి అలసి వచ్చును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకొని వేరుసెనగ విత్తు సీమ యిది. కరవు చేలలోనే నిలిచియుండునని మనము తలతుము. కాని అది గడప దాటి, అందరికన్న చివర భుజించు ఇల్లాలి కంచములోనికి, ఆమె రక్తములోనికి, కడకు గర్భస్థశిశువు బరువులోనికి వచ్చును.

1969లో అనంతపురమునకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్.డి.టి. సంస్థ నీటి వసతులు, బడులు, ఇండ్లు కల్పించుటతో ఆగక, 2000లో బత్తలపల్లియందు ఆసుపత్రిని తెరచెను. 2022 జిల్లా విభజనతో ఆ యూరు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. బావి గట్టునుండి పురుటిగది వరకు సాగిన ఆ సేవ కరవు నడచిన త్రోవనే నడచినది.

గర్భిణి రక్తమున 100 మిల్లీలీటర్లకు 11 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండవలెను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణులలో నూటికి 52 మందికి అంత లేదు. నిండు రక్తము గల స్త్రీ తట్టుకొనగల స్రావము రక్తహీనురాలి ప్రాణము తీయవచ్చును. కావున పరిచర్య పురుటినాడు గాక, నెలతప్పిన నాటినుండి బరువు తూచి, రక్తపుపోటు చూచి, ఐరన్ మాత్రలిచ్చి, మ్రింగినదో లేదో మరల వచ్చి అడుగు నర్సుతోనే ఆరంభమగును.

బిడ్డ పుట్టినంతనే గర్భాశయము గట్టిగా ముడుచుకొననిచో రక్తము ఆగదు. వెంటనే ఆక్సిటోసిన్ సూది వేయుట, పొత్తికడుపుపై చేయి యుంచి మాటిమాటికి పరీక్షించుట నర్సు విధులు. కారిన రక్తమును కంటి యంచనాకు విడువక కొలతల సంచిలో పట్టి, హద్దు మీరగనే చికిత్సలన్నియు ఒక్కమారుగా ఆరంభించినచో తీవ్ర రక్తస్రావము, దానివలని విపత్తులు నూటికి 60 వంతులు తగ్గునని నాలుగు ఆఫ్రికా దేశముల పరిశోధన 2023లో తెలిపినది.

ఇక శిశువునకు తొలి శత్రువు చలి. ఎండలకు పేరుపడిన ఈ సీమలో చలి యేమని శంకింపవచ్చును. తల్లి గర్భమున 37 డిగ్రీల వెచ్చదనములో పెరిగిన తడిమేనికి మనకు హాయియైన గాలియే చలి. పొడిగుడ్డతో తుడిచి, తల్లి యెదపై చర్మమునకు చర్మము తగులునట్లు పరుండబెట్టి, గంటలోపున ముర్రుపాలు పట్టవలెను. ఆ పాలను పిండి పారబోయుట బిడ్డకు రోగనిరోధక శక్తిని దూరము చేయుటయే. 1978లో కొలంబియాలోని బొగోటాలో, శిశువులను వెచ్చగా నుంచు యంత్రములు చాలక, ఎడ్గర్ రే అను వైద్యుడు నెలతక్కువ బిడ్డలను తల్లుల యెదకు కట్టించెను. కిలో మొదలు 1.8 కిలోలలోపు బిడ్డలకు ఈ కంగారూ పరిచర్యను, తేరుకొనువరకు వేచియుండక, పుట్టినంతనే ఆరంభించినచో మరణములు నాలుగవవంతు తగ్గునని భారతదేశముతో సహా ఐదు దేశముల పరిశోధన 2021లో చాటినది.

ఇందు చాలవరకు వ్యయము స్వల్పము. కావలసినది శిక్షణ పొందిన చేయి, నిద్రపోని కన్ను. ఉపాధ్యాయులారా, మీ తరగతిలోని బాలిక నర్సు నగుదునని చెప్పినపుడు, వైద్యురాలవు కాలేవా యని అడుగకుడు. ఆమె చేతిలో ఒక యూరి తల్లులు సుఖముగా ప్రసవింపగలరు.