మఠం మెస్సు గోడమీది బొమ్మ

మా పోచంపాడులో ప్రాజెక్టు క్యాంపులో ఉండే ఒక క్రైస్తవ మిత్రుని ఇంట్లో, క్యాలెండరు మీద ఆ బొమ్మను మొదటిసారి చూశాను. పొడుగాటి బల్ల, నడుమ ఏసు, అటు ఆరుగురు, ఇటు ఆరుగురు శిష్యులు. కడరా భోజనం. గుడ్డమీద వేసిన చిత్రమనే చాలాకాలం అనుకున్నాను. తీరా చూస్తే అది ఒక మఠం మెస్సు గోడ!

ఇటలీలోని మిలాన్ నగరంలో సాంతా మరియా దెల్లె గ్రాత్సియే అనే డొమినికన్ సన్యాసుల మఠం ఉన్నది. నగర ప్రభువు లుడోవికో స్ఫోర్జా కోరగా లియొనార్డో డా విన్సి ఇంచుమించు 1495 నుండి 1498 వరకు అక్కడి భోజనశాలలో దీన్ని వేశాడు. ఎత్తు 4.6 మీటర్లు, వెడల్పు 8.8 మీటర్లు. మీలో ఒకడు నన్ను పట్టిస్తాడని ఏసు చెప్పిన మరుక్షణమది. శిష్యులు ముగ్గురు ముగ్గురుగా కలవరపడుతున్నారు. యూదా మాత్రం డబ్బుసంచి పట్టుకొని వెనక్కు ఒరిగాడు.

అందరూ ఫ్రెస్కో అంటారు గానీ నిజానికి కాదు. పచ్చి సున్నపు గచ్చు ఆరకముందే నీళ్లరంగు వేస్తే ఫ్రెస్కో. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి రాయిగా మారుతూ రంగును తనలో బంధిస్తుంది. గచ్చు పూసినంత మేర ఆనాడే ముగించాలి. లియొనార్డోకు ఆ తొందర గిట్టదు. ఒక్కోనాడు ఊరికే చూస్తూ నిలబడి, కుంచె ముట్టకుండానే పోయేవాడట. అందుకని ఆరిన గోడమీద టెంపెరా, నూనె రంగులు వాడాడు. ఆయన బతికుండగానే రాలడం మొదలైంది.

ఈ సంగతి నాకు అనుభవమే. వార్షికోత్సవానికని మా హాస్టల్ మెస్సు గోడకు ఇద్దరు మిత్రులతో కలిసి ఆయిల్ పెయింటుతో బాసర సరస్వతిని వేశాను. ఒక్క వానకాలానికే గోడ చెమ్మకు వీణ పెచ్చులూడింది. "గిదేం పని బిడ్డా, అన్నంల రంగు పడుతున్నది" అని వంటాయన మొత్తుకున్నాడు. సున్నం కొట్టించేశాము. గోడ ఆరబెట్టి బాగుచేద్దామన్న ఆలోచనైనా రాలేదు. ఆ తప్పు ఇప్పటికీ గుచ్చుతుంది.

మిలాన్ సన్యాసులు మాకంటే ఘనులు. 1652లో ఆ గోడకు తలుపు పెట్టబోయి ఏసు పాదాలనే కోసేశారు! 1796లో ఫ్రెంచి సైనికులు ఆ గదిని గుర్రపుసాల చేశారు. 1943 ఆగస్టులో బాంబులకు కప్పూ ఒక పక్కగోడా కూలినా, ఇసుకబస్తాల చాటున ఈ గోడ నిలిచింది. పినిన్ బ్రాంబిల్లా అనే ఆమె ఇరవై ఏళ్లకు పైగా అంగుళమంగుళం శుభ్రపరచి 1999లో ముగించింది.

ఎదుటి గోడమీద మోంతోర్ఫానో 1495లో వేసిన సిలువ చిత్రమున్నది. అది అసలైన ఫ్రెస్కో, ఎంతో మేలుగా నిలిచింది. టికెట్టు కొని వచ్చినవాళ్లకు దక్కేది పదిహేను నిమిషాలు. చాలామంది దానికి వీపు పెట్టే నిలబడతారు.