ఆగి పలకరించిన వైద్యుడు

యాయీరు కుమార్తె చావుబతుకుల్లో ఉంది. యేసుప్రభువు ఆ ఇంటికి వెళ్తుండగా, పన్నెండేళ్లుగా రక్తస్రావంతో నలిగిపోయిన ఒక స్త్రీ వెనుక నుంచి వచ్చి ఆయన వస్త్రం ముట్టి బాగుపడింది (మార్కు 5:25–34). రోగం పోయింది కదా, ఇక ఆగడమెందుకు? అయినా ప్రభువు ఆగాడు. ఆమె చెప్పుకున్నదంతా విని ‘కుమారీ’ అని పిలిచాడు.

అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌కు మిషన్ మొదట అప్పగించింది బోధన పని. అయినా ఆమె జబ్బుపడిన స్త్రీల ఇళ్లకు వెళ్లి వైద్యం చేశారు. 1898లో వారి కోసం ఆసుపత్రి తెరిచారు. 1930లో ఆ గుంటూరులోనే ప్రభువు సన్నిధికి చేరారు.

చోడవరం, మాడుగుల పల్లెల నుంచి అనకాపల్లి ఆసుపత్రికి వచ్చే ముసలమ్మకు తన జబ్బు పేరు తెలియకపోవచ్చు. ‘మామ్మా, రాత్రి నిద్ర పట్టిందా?’ అని అడిగిన నర్సమ్మను మాత్రం మరచిపోదు. వరుస నైట్ డ్యూటీలతో అలసి, ‘ఎందుకీ ఉద్యోగం?’ అనుకుంటున్న సోదరీ సోదరులారా, జవాబు ఆ మంచం దగ్గరే ఉంది. ఒక్క నిమిషం ఆగండి. ప్రభువు దారిలో ఆగినందుకు యాయీరు ఏమీ నష్టపోలేదు. చనిపోయిన అతని బిడ్డ కూడా లేచింది!