బోటు ఇంజను ఎందుకు వేడెక్కుతుంది?

పిఠాపురంలో ఉండే మనకు ఉప్పాడ అనగానే జరీ చీర గుర్తుకొస్తుంది, ఆ తర్వాత చేప. ఆ చేపను తెచ్చే బోటు ఇంజను గురించి ఆలోచించే అవసరం మనకు పెద్దగా రాదు. కానీ ఏ మత్స్యకార కుటుంబానికైనా ఇంజను కొనిపెట్టాలనుకునే దాతలకు ఇది కొంత తెలిసి ఉండాలని మేము భావిస్తున్నాము. ఇంజను సముద్రం మధ్యలో ఆగిపోతే పోయేది ఆ రోజు వేట ఒక్కటే కాదు.

ఇంజనులో మండిన ఇంధనం ఇచ్చే వేడిలో సుమారు మూడో వంతే ఫ్యానును తిప్పడానికి పనికొస్తుంది (ప్రొపెల్లరును మత్స్యకారులు ఫ్యాను అనే అంటారు). ఇంకొంత పొగతో బయటికి పోతుంది. మిగిలినది ఇంజను లోహంలోకి చేరుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు తీసేయాలి. లారీలో ఆ పని రేడియేటరు చేస్తుంది. బోటుకు చుట్టూ నీళ్లే ఉన్నాయి గనుక ఇంజను సముద్రపు నీటినే లోపలికి పీల్చి, వేడిని మోయించి, తిరిగి సముద్రంలోకి వదులుతుంది. బోటు వెనుక తగిలించే అవుటుబోర్డు ఇంజను పక్క నుంచి సన్నని నీటి ధార పడుతూ ఉంటుంది, చూసే ఉంటారు. అది కారుతున్న నీరు కాదు, ఇంజను నాడి. ధార సన్నబడిందంటే లోపల జబ్బు మొదలైనట్టే. ఉప్పాడ పిల్లలు తరగతిలో 'ఉష్ణ వహనం' నిర్వచనం తడబడతారేమో గానీ, 'ఇంజను నీళ్లు కొట్టట్లేదు మాస్టారూ' అంటే ఏమిటో వారికి బాగా తెలుసు.

ఆ నీటిని తోడేది అరచేతిలో పట్టేంత రబ్బరు చక్రం. దాన్ని ఇంపెల్లరు అంటారు. దాని రెక్కలు పంపు గోడకు ఒరుసుకుంటూ వంగి తిరుగుతాయి. నీరుంటేనే వాటికి తడి. ఇసుక మీద ఉన్న బోటు ఇంజనును 'ఒకసారి చూద్దాం' అని నీరు లేకుండా తిప్పితే కొద్దిసేపటికే రెక్కలు కాలిపోతాయి.

మా దృష్టిలో అసలు ప్రమాదకాలం వేట నిషేధం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మర బోట్లు వేటకు వెళ్లవు. అన్నాళ్లూ ఇంజనులో మిగిలిన ఉప్పునీరు ఎండి గడ్డకడుతుంది. వంగిన రబ్బరు రెక్కలు అలాగే బిగుసుకుపోతాయి. పైగా ఉప్పునీరు బాగా వేడెక్కినప్పుడల్లా సున్నపు లవణాలు నీటి దారుల గోడలకు పడతాయి. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు పట్టినట్టే. ఆ పెచ్చు దారిని ఇరుకు చేయడంతో పాటు వేడిని దాటనివ్వదు కూడా. అప్పు తెచ్చి డీజిల్ పోసుకుని జూన్ 15న అందరితో పాటు బయలుదేరిన బోటు, ఇన్ని రోగాలతో బయలుదేరుతుందన్న మాట.

వర్షాకాలంలో మరొకటి ఉంది. గోదావరి వరదతో గుర్రపుడెక్క సముద్రంలోకి కొట్టుకొస్తుంది. దానికి మనం పారేసిన ప్లాస్టిక్ కవర్లు తోడు. ఒక్క కవరు నీటి రంధ్రానికి అతుక్కుంటే చాలు. ఫ్యానుకు వల చుట్టుకున్నా ఇంజను మోయలేని బరువు మోసి వేడెక్కుతుంది. గాలితో చల్లబడే చిన్న డీజిల్ ఇంజన్లకు నీటి గొడవ లేదు గానీ, వాటి రేకుల మధ్య ఉప్పు, ఆయిలు, చేప పొలుసులు చేరితే గాలి ఆడదు.

మరి సముద్రంలో వేడెక్కితే? ముందు వేగం తగ్గించాలి. ధార పూర్తిగా ఆగిపోతే ఇంజను ఆపాల్సిందే. కానీ ఒడ్డు దగ్గర అలలు విరిగే చోట ఆపితే బోటు అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. అందుకే లంగరు చేతిలో సిద్ధంగా పెట్టుకున్నాకే ఆపడం మేలు. తర్వాత అవుటుబోర్డు కాలును పైకెత్తి రంధ్రానికి అడ్డుపడిన చెత్త తీయాలి, ధార వచ్చే బెజ్జాన్ని సన్నని తీగతో పొడవాలి. కాలిపోతున్న ఇంజను మీద బకెట్టుతో నీళ్లు గుమ్మరించడం మాత్రం వద్దు. కాగిన గాజు గ్లాసులో చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో హెడ్డుకూ అదే కావచ్చు. మంచినీటి ట్యాంకు ఉన్న పెద్ద బోట్లలో సరంగులు వేడి మీద మూత విప్పకూడదు. లోపలి నీరు ఒత్తిడి మీద ఉంటుంది, ఆవిరి ముఖానికే కొడుతుంది. అరగంటైనా ఆగాలి. ఆయిలు పాల టీ రంగుకు మారితే హెడ్డు గ్యాస్కెట్టు పోయి నీరు కలిసిందని అర్థం. ఇక ఆ ఇంజనును తిప్పకుండా మరో బోటుకు తాడు కట్టించుకుని రావడమే.

ఇంపెల్లరు రెక్కలు తెగి ఉంటే కొత్తది వేసి ఊరుకోకూడదు. తెగిన ముక్కలను లెక్కపెట్టి, లోపల చిక్కుకున్నవన్నీ తీయాలి. లేకుంటే అవే మళ్లీ దారికి అడ్డుపడతాయి.

నివారణకు పెద్ద ఖర్చేమీ లేదు. వేట నుంచి రాగానే అవుటుబోర్డు కాలును మంచినీళ్ల డ్రమ్ములో ముంచి పది నిమిషాలు నెమ్మదిగా తిప్పితే ఉప్పు చాలావరకు కడుక్కుపోతుంది. నిషేధానికి ముందు ఇది తప్పనిసరిగా చేసి, నిషేధం ముగిసే వారంలో కొత్త ఇంపెల్లరు వేయించాలి. ఇంజను కొనిచ్చే దాతలు రెండు ఇంపెల్లర్లు, ఒక డ్రమ్ము కూడా కలిపి ఇవ్వాలని మా మనవి. ఇంజను ధర ముందు అవి లెక్కలోకి రావు. బోటులో కోస్టుగార్డు ఉచిత నంబరు 1554 రంగుతో రాయించండి. ఒడ్డుకు దూరమైతే ఫోనుకు సిగ్నల్ అందదు గనుక, ఎటు వెళుతున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లమని కూడా చెప్పండి.